మూడు బొమ్మల తాళం

ఆమనితో నా స్నేహం తగువుతో మొదలైంది. 2002 ఎండాకాలంలో మేడ్చల్ హైవే వెడల్పు చేస్తూ ఎవరో పలుగుతో కేబుల్ తెంపారు. బస్టాండు ఎదురుగా ఆ పిల్ల నడిపే నెట్ సెంటర్‌కి లైను పోయింది. నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో గుమాస్తాని. పలుగు పట్టింది నేను కాదు, రోడ్డు తవ్వించింది నేను కాదు. అయినా పొద్దున్నే వచ్చి నా బల్ల ముందు నిలబడి, "మేడం, మీరే అచ్చి నా దుకాణంల కూసోండ్రి. అచ్చినోళ్లకు మీరే జవాబు జెప్పుండ్రి" అంది. నాకు ఒళ్లు మండింది. తెనాలి దగ్గర పుట్టినదాన్ని, నోరు నాకూ ఉంది. మేమిద్దరం అరుచుకుంటూ ఉండగానే లైన్‌మన్ వెళ్లి కేబుల్ అతికించి వచ్చాడు. సాయంత్రం ఆ దుకాణం ఏపాటిదో చూద్దామని వెళ్లాను. వెళ్లినదాన్ని ఇహ వదల్లేదు.

వాళ్లది రావల్కోల్ దాటాక ఒక చిన్న ఊరు. పేరు చెప్పను. చెబితే ఇవాళ్టికీ అక్కడివాళ్లు నా మీదికి వస్తారు. తండ్రి గౌరయ్య నాలుగు బావుల కింద సేద్యం ఉన్న రైతు. ఉర్దూ మీడియంలో చదువుకున్నాడు. ఊళ్లో పొలం గట్టు తగాదా వచ్చినా, మొగుడూ పెళ్లాల మధ్య మాటా మాటా వచ్చినా అందరూ ఆయన అరుగు దగ్గరికే వచ్చేవారు. ఆయన ఒకటంటే అదే చెల్లేది. ఆయనకు ఒక కొడుకు, ఆ తర్వాత ఆమని. ఆ పిల్లకు ఊహ తెలియకముందే తల్లి పోయింది. పిల్లను సాకింది మేనత్త బుచ్చమ్మ.

ఈ బుచ్చమ్మ గురించి చెప్పాలి. చిన్నతనంలోనే మొగుడు పోయి పుట్టింటికి వచ్చింది. అన్న ఉండమన్నాడు. ఆవిడ ఉండలేదు. ఊరి చివర గైరానులో, అంటే ఊరి పశువులన్నీ మేసే ఉమ్మడి నేలలో, ఒక మూల గుడిసె వేసుకుని మేకల్ని పెంచింది. "పండుగకొస్తే ఆడబిడ్డ ముద్దే. పొద్దుగాల లేవంగనే రోజు ఎదురైతే ఎవలకు ముద్దు?" అనేది. ఆమని ఆ గుడిసెలోనే మేకపాలు తాగి పెరిగింది. తండ్రి ఇంటికి భోజనానికి వెళ్లేది, నిద్రకు మాత్రం అత్త పక్కలోకి చేరేది.

గౌరయ్యగారికి కూతురంటే ప్రాణం. ఇది నేను ఒప్పుకుని తీరాలి, ఆ తర్వాత ఆయన్ని ఎంత తిట్టుకున్నా సరే. తొంభైల్లో ఆ చుట్టుపక్కల పదో తరగతి కాగానే ఆడపిల్లలకు సంబంధాలు చూసేవారు. ఈయన మాత్రం కూతుర్ని బస్సెక్కించి మేడ్చల్ పంపాడు, డిగ్రీ చదివించాడు, కంప్యూటర్ కోర్సుకని అమీర్‌పేట దాకా పంపాడు. అక్కడ అందరూ పెద్ద పెద్ద కంపెనీలు అడిగే భాషల వెంట పడితే ఈ పిల్ల పీహెచ్‌పీ పట్టుకుంది. వెబ్‌సైట్లు కట్టే భాష. ఊరికే దొరికేది, చవక కంప్యూటర్ మీద కూడా నడిచేది. చదువయ్యేసరికి ఉద్యోగాల కరువు వచ్చింది. ఏడ్చుకుంటూ కూర్చోకుండా మేడ్చల్‌లో నాలుగు కంప్యూటర్లతో దుకాణం పెట్టింది. కోళ్ల హేచరీకి ఒక సైటు కట్టింది, ఫంక్షన్ హాలుకు ఒకటి. ఆ తర్వాత ఎవరూ అడక్కుండానే సొంత ఊరికి కట్టింది.

ఆ సైటు చూస్తే నాకు నవ్వొచ్చేది. కరెంటు ఎప్పుడు పోతుంది, బస్సు ఎప్పుడు వస్తుంది, ఎవరి గేదె తప్పిపోయింది. చదవడం రాని వాళ్ల కోసం అన్నిటికీ బొమ్మలు. "ఇది చూసేదెవరే తల్లీ" అంటే, "ఊరోళ్లే అక్కా. దుకాణం కాడికొచ్చి మా ఊరు టీవీల అస్తాంది అంటున్నరు" అని మురిసిపోయేది. అప్పటికి నేను మేడం నుంచి అక్కనయ్యాను.

2006లో గైరాను మీదికి ఒక కంపెనీ వచ్చింది. చుట్టూ గోడ కట్టి, ప్లాట్లు చేసి, లోపల ఇళ్లు కడతారట. బదులుగా ఊరికి తారురోడ్డు, కమ్యూనిటీ హాలు. ఊరు సరేనంటేనే అది కదులుతుంది. గౌరయ్యగారు అప్పటికే వాళ్లకు మాట ఇచ్చేశాడు. ఆయన పొలం గైరాను పక్కనే ఉంది, దాని ధర పెరుగుతుంది. ఆ సంగతి ఆయన ఒక్కసారీ ఎత్తలేదు. ఊరు బాగుపడుతుందనే అన్నాడు. నమ్మే అన్నాడనుకుంటాను, అదే వచ్చిన చిక్కు.

బుచ్చమ్మ గుడిసె ఆ నేలలోనే ఉంది. గైరాను పోతే గుడిసె పోతుంది, మేకలు పోతాయి, ఆవిడ అన్న ఇంటికి చేరాలి.

"గ్రామసభల చేతులెత్తమంటే అందరు మా బాపు మొకం జూస్తరక్కా" అంది ఆమని. "ఆయన ఎత్తితే ఎత్తుతరు. ఎవల మనసుల ఏమున్నదో ఎవ్వలకు తెల్వది." అందుకని సర్పంచి దగ్గరికి వెళ్లి, ఓటు కంప్యూటర్‌లో పెడదామంది. ఎవరు దేనికి వేశారో ఎవరికీ, తనకు కూడా, తెలియకుండా కడతానంది. అది ఈ-పాలన అని ప్రతివాడూ కలవరించే కాలం. పేపర్లో ఫోటో పడుతుందని సర్పంచి ఒప్పుకున్నాడు. ఒక్క షరతు పెట్టాడు. ఆ ఊరి ఆనవాయితీ ప్రకారం ఇంటికొక మాటే. కనుక గడపకో ఓటు.

"అంటే నీకు ఓటు లేదన్నమాట" అన్నాను.

"లేదక్కా. మా గడప బాపుది. అత్తకున్నది. గుడిసెదైనా గడప గడపే గద." ఆ ఒక్కదానికే ఆ పిల్ల మొహం వెలిగిపోయింది.

చాలామందికి అక్షరాలు రావు కదా, అందుకని ఆమని ఒక తాళం కనిపెట్టింది. తెర మీద బొమ్మల పట్టీ ఉంటుంది. నాగలి, మేక, బావి, చిలుక, గొంగడి, కుండ, అలాంటివి. ప్రతి ఇంటివాళ్లూ వాటిలో మూడు ఎంచుకోవాలి. ఆ మూడూ వరుసగా నొక్కితేనే వాళ్ల ఓటు తెరుచుకుంటుంది. ఏదో కంపెనీలో ప్రోగ్రామర్‌గా చేస్తున్న మా అబ్బాయి విశ్వతేజ దాన్ని పగలగొట్టి చూపిస్తానని పందెం కట్టాడు. పేరు రాయాల్సిన గడిలో దొంగ కోడు ముక్కలు రాశాడు, సైటు అడ్రసులో అంకెలు మార్చాడు, ఇంకేమేమో చేశాడు. చివరికి, "అమ్మా, ఆ అమ్మాయి గట్టిది" అని చేతులెత్తేశాడు.

ఆమని ఇల్లిల్లూ తిరిగి బొమ్మలు ఎంచుకోమంది. "ఇంటోళ్లకు తప్ప ఎవలకు జెప్పొద్దు" అని ప్రతి గడపలోనూ ఒట్టేయించుకున్నంత పని చేసింది. బుచ్చమ్మ మేక, మేక, మేక అని మూడూ ఒకటే నొక్కింది. వేరేవి పెట్టుకో అత్తా, ఎవరైనా కనిపెట్టేస్తారు అంటే, "నాకు ఇంకేమున్నదే, గవే ఉండనియ్యి" అంది.

మా దుకాణంలో, ఊరి బడిలో, తండ్రి కోసం ఆమని ఇంట్లో పెట్టిన కంప్యూటర్‌లో, ఎక్కడి నుంచైనా వారం లోపల ఓటు వేయవచ్చు. మా దుకాణం అన్నాను చూశారా, అప్పటికి అలా అయిపోయింది. మూడో రోజు నుంచి ఓట్లు ధారగా పడ్డాయి. ఎవరిది ఎటో తెలియదు, ఎన్ని పడ్డాయో మాత్రం తెరమీద కనబడేది. "ఊరంత ఏస్తాందక్కా!" అని ఆమని ఎక్స్ఛేంజికి ఫోన్ చేసి మరీ చెప్పింది. ఆ పిల్ల గొంతులో అంత సంతోషం మళ్లీ నేను వినలేదు.

కలత తెచ్చింది బుచ్చమ్మే. బడికి వెళ్లి మేకను మూడుసార్లు నొక్కితే, మీ ఓటు ఇప్పటికే పడిపోయింది అన్న గుర్తు వచ్చిందట. తనే ఎక్కడో తప్పు నొక్కి ఉంటానని వెనక్కి వచ్చేసింది. లెక్క తెరిస్తే ఊరంతా అవునంది. మేకలవాళ్లు, గొర్రెలవాళ్లు కూడా అవునన్నారా? ఆమని కోడంతా మొదటి నుంచి వెతికింది. ఎక్కడా కన్నం లేదు.

ఆ ఆదివారం గౌరయ్యగారు నన్ను భోజనానికి పిలిచాడు. జొన్నరొట్టె, నాటుకోడి కూర. ఆయన మంచి హుషారు మీద ఉన్నాడు.

"మేడం, మీ కొడుకు కంప్యూటర్ నౌకరి జేస్తడట గద. నన్ను గుడ తీస్కొమ్మని జెప్పుండ్రి" అన్నాడు నవ్వుతూ. "ఊరి ఓట్లన్ని నేనే ఏసిన. ఒక్కటి తప్పు పోలే."

ఆమని చేతిలో ముద్ద ఆగిపోయింది. "ఏం జేసినవ్ బాపూ?"

"ఏమున్నది బిడ్డా. అందరు అచ్చి బొమ్మలు జెప్పిన్రు. మాకు గీ మౌసు పట్టుడు రాదు పటేలా, నువ్వే ఒత్తు అన్నరు. ఒత్తిన."

"ఇంటోళ్లకు తప్ప ఎవలకు జెప్పొద్దని జెప్పిన గద అందరికి!"

"మరి నేను బయటోన్నా?" ఆయన నిజంగానే ఆశ్చర్యపోయాడు. "గండయ్య నాకు బామ్మర్ది వరుస. కిరాణం పరమేశ్ నన్ను పెద్దబాపు అంటడు. దుర్గాబాయి నాకు చిన్నమ్మ. గీ ఊర్ల నాకు బయటోళ్లు ఎవలున్నరే?"

అప్పుడు నాకు అర్థమైంది. ఆ ఊళ్లో కులంతో పనిలేకుండా ప్రతి మనిషికీ ప్రతి మనిషితో ఒక వరుస ఉంది. అన్నా, బావా, మామా అనకుండా ఎవరూ ఎవరినీ పిలవరు. అలాంటి చోట ఇంటివాళ్లకు తప్ప చెప్పొద్దంటే, ఊరంతా ఒట్టు తప్పకుండానే ఆయనకు చెప్పేశారు. విశ్వతేజ లాంటివాళ్లు లోకంలో ఎంతమంది వచ్చినా ఆగే తాళం, అరుగు మీద కూర్చున్న పెద్దబాపు దగ్గర తెరుచుకుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ దొంగకు తను దొంగనని కూడా తెలియదు.

"అత్తది?" అంది ఆమని.

"బుచ్చమ్మదా? దాన్ని అడగనే లే. దాని మనసుల మేక తప్ప ఏముంటది? మూడుమార్లు మేక మీద ఒత్తిన, తెరుసుకున్నది."

బుచ్చమ్మ మజ్జిగ ముంతతో గుమ్మంలోనే ఉంది. అంతా వింది. "గట్లనా. నేనే తప్పు ఒత్తిన్నేమో అనుకుంటున్న" అని మాత్రం అంది. వచ్చి ముందు అన్నకే మజ్జిగ పోసింది.

గ్రామసభలో ఆమని లేచి నిలబడింది. నేను వెనక బెంచీలో ఉన్నాను. "అందరి ఓట్లు మా బాపు ఏసిండు. గీ లెక్క చెల్లది. మళ్ల పెట్టాలె" అంది. పేపరు విలేకరి రాసుకోవడం మొదలుపెట్టాడు, దాంతో సర్పంచికి మళ్లీ ఓటింగు పెడతాననక తప్పలేదు. గౌరయ్యగారు కండువా దులిపి భుజాన వేసుకుని లేచి వెళ్లిపోయాడు. వెళ్తూ కూతురి వైపు చూడలేదు. ఆ రోజు నుంచి ఇంటికి రాకుండా బావి దగ్గర కొట్టంలోనే పడుకున్నాడు. అన్నం బుచ్చమ్మ పట్టుకెళ్లేది. సగం తిని పెట్టేసేవాడట.

ఊరు ఆయన్ని ఒక్క మాట అనలేదు. అన్నదల్లా ఆ పిల్లనే. కన్నతండ్రిని నలుగుర్లో దొంగను చేసిందన్నారు. చదివించినందుకు మంచి ఫలమే దక్కిందన్నారు. ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అని నా మొహం మీదే అన్నదొకామె. ఉలిపికట్టె లేకపోతే మీ మేకలెక్కడ మేస్తాయమ్మా అని నేను తిరిగి అన్నాను. ఆమని నా చెయ్యి పట్టుకుని అక్కణ్నుంచి లాక్కొచ్చేసింది.

రెండోసారి ఆ పిల్ల ఏ సందూ వదల్లేదు. కంప్యూటర్ బడిలో ఒక్కటే. దాని ముందు అడ్డంగా దుప్పటి. అందరికీ కొత్త బొమ్మలు. ఒక్కొక్కరే లోపలికి వెళ్లాలి, తోడు ఎవరూ రాకూడదు. మౌసు పట్టడం రానివాళ్లకు ముందు రోజే నేర్పింది. బుచ్చమ్మకైతే గుడిసెలో కూర్చోబెట్టి మళ్లీ మళ్లీ చూపించింది. ఈసారి మూడూ వేర్వేరు బొమ్మలు పెట్టించింది.

"నా మాట నేనే ఏస్త తియ్యి" అంది బుచ్చమ్మ.

ఆ రోజు ఆమని బడి వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుంది. జనం వచ్చారు, వెళ్లారు. ఒక్కరూ ఆ పిల్లతో మాట్లాడలేదు. బుచ్చమ్మ వచ్చి, ఆమని తల మీద చెయ్యి వేసి లోపలికి వెళ్లింది. చాలాసేపు ఉండి వచ్చింది. గౌరయ్యగారూ వచ్చి తన గడప ఓటు వేసి వెళ్లాడు.

సాయంత్రం సర్పంచి ముందు లెక్క తెరిచారు. అన్నీ అవునే. కాదు అన్న గడిలో సున్నా ఉంది.

అవునులో ఒకటి రెండు తగ్గి ఉంటే వేరు. ఆ పిల్ల ఊరు మొత్తం మీద ఎవరి మీదా ఆశ పెట్టుకోలేదు. ఆ గడిలో ఒక్కటంటే ఒక్కటి, అత్తది, ఉంటుందనుకుంది. ఎవరు ఎటు వేశారో దేవుడికి కూడా తెలియకుండా కట్టిన ఆ సైటులో, సున్నా వచ్చేసరికి అందరిదీ బయటపడిపోయింది.

ఇద్దరం మేడ్చల్ వచ్చేశాం. దుకాణంలో కూర్చున్నాక నేనే అడిగాను. "మళ్లీ ఏమైనా మోసం జరిగిందా?"

"లేదక్కా. గీసారి ఏ మోసం లేదు. అంత సక్కగనే అయ్యింది" అని బల్ల మీద తల పెట్టుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను. సిగ్గేముంది.

మర్నాడు గైరానుకు వెళ్లాం. బుచ్చమ్మ మేకపిల్లకు ఆకు పెడుతోంది. ఆమని వెళ్లి పక్కన కూర్చుంది. ఆవిడే చెప్పింది.

"కాదు అని ఒత్తుదామనే పోయిన బిడ్డా. గా దుప్పటెనుక నిలబడితే మస్తు భయమైంది. ఊరంత అవునంటదని నాకు తెల్వదా? మా అన్న గట్ల బాయికాడ పడి ఉంటే ఎవలు కాదంటరు? ఒక్కటి కాదు అని పడితే అది నాదే. బిడ్డ ఇడిసె, ఇగ చెల్లె గుడ ఇడిసె అని కుమిలి సస్తడు."

"ఎవలేసిన్రో తెల్వకుండ జేసిన గద అత్తా!"

"నువ్వు జేసినవ్ బిడ్డా. కని మా అన్నకు నేను తెలుసు గద."

కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, మొదటిసారి దొంగిలించిన ఓటును రెండోసారి ఆవిడ చేతే ఇప్పించినట్టయింది. ఆమని ఆ మాట పైకే అంది.

ఆ తర్వాత అన్నీ త్వరగానే జరిగిపోయాయి. గోడ లేచింది. శామీర్‌పేట నుంచి బేరగాడు ట్రాలీ ఆటో తెచ్చి మేకల్ని ఎక్కించుకుపోయాడు. గౌరయ్యగారు కొట్టం వదిలి ఇంటికి వచ్చాడు, కూతురితో మాట కలిపాడు. చెల్లెలికి ఇంట్లోకెల్లా మంచి గది ఇచ్చాడు, ఫ్యాను వేయించాడు, కొత్త చీరలు కొన్నాడు. ఆయన ప్రేమకు వంక పెట్టడానికి లేదు. ఆమని ఊరి సైటును మూసేసింది. నెట్ సెంటర్ కూడా ఎవరికో ఇచ్చేసి, నగరంలో ఒక కంపెనీలో ఉద్యోగం చూసుకుంది. ఎవరో రాసిన కోడులో కన్నాలు వెతికే పని.

చేరేముందు చెప్పి వద్దామని ఊరికి వెళ్తూ నన్నూ తీసుకెళ్లింది. గౌరయ్యగారు మాతో పాటు వరండాలో కూర్చుని, కమ్యూనిటీ హాలు ఎంత వరకు వచ్చిందో చెబుతున్నాడు. బుచ్చమ్మ వచ్చి ఆమని పక్కన కాసేపు కూర్చుంది. చీర కొత్తది. మనిషి చిక్కింది. లేచి వంటింటి గుమ్మం దాకా వెళ్లి, లోపలికి అడుగు పెట్టకుండా ఆగింది. లోపల గౌరయ్యగారి కోడలు అశ్రిత ఉంది, ఇరవై దాటి ఎన్నాళ్లో కాని పిల్ల.

"అశ్రితా, జరంత చాయ్ పెట్టుకోనా బిడ్డా?"

ఆ పిల్ల మంచిదే. "నువ్వు కూసో అత్తమ్మా, బియ్యం కడుగుతున్న. అయినంక నేను పెడ్త" అంది.

"మంచిది" అంది బుచ్చమ్మ.

గౌరయ్యగారు హాలు సంగతే చెబుతున్నాడు. ఆమని తల దించుకుని నేల వైపు చూస్తోంది. చాయ్ వచ్చేదాకా బుచ్చమ్మ ఆ గుమ్మం పక్కన గోడకానుకుని కూర్చుంది.